సంశయము - నిర్ణయము: తెలుగు సాహిత్యమున సత్యాన్వేషణ

సంశయమను మాట వినినంతనే దానిని దోషముగా భావించుట తెలుగు పాఠకునకు అలవాటై యున్నది. గీతలో సంశయాత్మునకు వినాశము చెప్పబడినదని చిన్ననాటినుండి వినుచున్నవారికి, సందేహించువాడు శ్రద్ధ లేనివాడనియు, శ్రద్ధ లేనివాడు దారి తప్పినవాడనియు తోచుట సహజము. కాని ఆ గ్రంథము పుట్టినదే అర్జునుని సంశయమునుండి. ముగింపు సమీపించునపుడు ఆచార్యుడు, చెప్పినదంతయు విమర్శించుకొని ఇచ్చవచ్చినట్లు చేయుమని శిష్యునకు స్వాతంత్ర్యము నిచ్చెను. అట్లయినచో నిందింపబడినది సంశయమా, సంశయముతోనే ఆగిపోవుటయా అన్నది విచారింపదగిన ప్రశ్న. రచయితకు ఇది కేవలము దార్శనిక విషయము కాదు. పాత్రను కల్పించునపుడు, ప్రతిపక్షమును చిత్రించునపుడు, తాను నమ్మిన సిద్ధాంతమును రచనలో నిలుపునపుడు ఆతనికి ఎదురగు ప్రశ్న ఇదియే.

గౌతముని న్యాయసూత్రములలో పదునాఱు పదార్థములు చెప్పబడినవి. వానిలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఈ విషయమును ఇంకను విశదము చేసెను: బొత్తిగా తెలియని దానియందు గాని, నిశ్చయముగా తెలిసిన దానియందు గాని న్యాయమునకు పనిలేదు, సంశయింపబడిన దానియందే అది ప్రవర్తించును. అనగా సంశయము యుక్తికి శత్రువు కాదు, అది యుక్తి సాగుచేయు చేను. చేను ఎంత విశాలమైనను బీడుగా విడిచినచో గింజ రాలదు. పక్షప్రతిపక్షములు రెండింటిని విమర్శించి అర్థమును నిశ్చయించుటకే నిర్ణయమని పేరు. ఒక పక్షమును మాత్రమే విని తీర్పు చెప్పినచో అది అభినివేశమగును గాని నిర్ణయము కాజాలదు. వాదోపవాదములకును శాస్త్రము ఇట్టి విభాగమునే చేసెను. తత్త్వము తెలియగోరి చేయునది వాదము. గెలుపు గోరి చేయునది జల్పము. తన పక్షమును నిలుపక ఎదుటి పక్షమును కూల్చుటయే పనిగా గలది వితండ. ఎదుటివాడు ఉద్దేశింపని అర్థమును ఆతని మాటకు అంటగట్టి ఖండించుట ఛలము. ఈ నాలుగు మాటలు సాహిత్య విమర్శకునకును పనికివచ్చునవే.

ఈ విచారణకు తెలుగునాటి ఎల్లలు దాటి ఉత్తరమునకు చూచుట ఉపకరించును. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున భిలాయి ఉక్కునగరములో, రాయపూరు నుండి దుర్గుకు పోవు రహదారిపై సుపేలా అను పేట కలదు. సోవియట్ ప్రభుత్వముతో 1955లో కుదిరిన ఒప్పందము ననుసరించి వెలసిన భిలాయి కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమయ్యెను. ఆ కర్మాగారమును నమ్ముకొని ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తరలిపోయిన తెలుగు కుటుంబములు ఆ పరిసరములలో స్థిరపడినవి. వారు కాపురముండు నేల ప్రాచీన దక్షిణ కోసలము. క్రీస్తుశకము 7వ శతాబ్దమున హ్యూయన్‌త్సాంగ్ కోసలమును దర్శించి, అటనుండి దక్షిణమునకు నడచి, వేంగి రాజధానిగా గల ఆంధ్రదేశమును, పిదప ధాన్యకటకమును చేరెను. ఆయన వ్రాతలలో ఈ మూడు తావులును తార్కికుల పేళ్లతో ముడివడి యున్నవి: కోసలమున నాగార్జునుడును ఆర్యదేవుడును, ఆంధ్రదేశమున దిఙ్నాగుడు, ధాన్యకటకమున భావవివేకుడు. తెలుగు శ్రామికుడు బ్రతుకుతెరువు వెదకుచు ఎక్కిపోయిన దిక్కునుండి ఆ యాత్రికుడు ఒకనాడు దిగివచ్చెను.

కోసలమును గూర్చి ఆయన వ్రాసిన కథ ఒకటి ప్రసిద్ధము. సింహళమునుండి దేవుడను భిక్షువు వాదము గోరి నాగార్జునుని ద్వారమునకు వచ్చెను. నాగార్జునుడు బదులు పలుకక, పాత్రను నీటితో నిండ నింపి శిష్యునిచేత పంపెను. దేవుడును పలుకక ఆ నీటిలో ఒక సూదిని జాఱవిడిచెను. అది చూచి నాగార్జునుడు సంతసించి, నిండుపాత్ర తన విద్యకు గుర్తనియు, సూది దాని అడుగంట దిగిన బుద్ధికి గుర్తనియు శిష్యునకు విప్పి చెప్పెను. కథలో ముఖ్యమైనది ఆ సంతోషము. తన నిండుతనము గ్రుచ్చబడినందులకు గురువు కోపింపలేదు. పిదప ఎదుట నిలిచినపుడు గురువు గాంభీర్యము చూచి దేవునకు మాట పెకలలేదనియు అదే కథ చెప్పుచున్నది. చాటునుండి సూది వేయుట కంటె ఎదుట నిలిచి ప్రశ్న వేయుట కష్టమన్న లోకానుభవము ఇందు దాగియున్నది. అయినను ఆ దేవుడే ఆర్యదేవుడై, చతుశ్శతకమున, శూన్యతాధర్మమును గూర్చి సంశయము కలిగినంత మాత్రముననే సంసారము జర్జరమగునని చెప్పి, సంశయమునకు ఉన్నతపదవి నిచ్చెను.

నాగార్జునుని పద్ధతియు ఆ సంతోషమునకు తగినట్లే యున్నది. రాహుల సాంకృత్యాయనుడు 1936లో టిబెట్టున కనుగొన్న ప్రతివలన సంస్కృతమూలము లభించిన విగ్రహవ్యావర్తనిలో సుమారు 70 కారికలు కలవు. వానిలో మొదటి 20 ప్రతిపక్షి ఆక్షేపణలే. సకలవస్తువులును నిస్స్వభావములైనచో ఆ మాటయు నిస్స్వభావమే కదా, అది దేనిని ఖండింపగలదు అన్న ఆక్షేపణ సామాన్యమైనది కాదు. సిద్ధాంతమునకు ఆయువుపట్టును తాకునది. ఆచార్యుడు దానిని దాచలేదు, తగ్గింపలేదు, గ్రంథము ముఖముననే నిలిపెను.

ఇచ్చట తెలుగువాని అభిమానమునకును సూది తగులవలసియున్నది. నాగార్జునకొండ పేరు చెప్పగానే మాధ్యమికాచార్యుని నివాసము అదియే యని నిశ్చయించుట పరిపాటి. కాని అచ్చటి ఇక్ష్వాకు శాసనములలో ఆయన పేరు కానరాదు. హ్యూయన్‌త్సాంగ్ ఆయనను కోసలమున నిలిపెను. ఆ వ్రాతయు ఆచార్యునకు కొన్ని శతాబ్దముల పిదపటిది. కోసల రాజధాని ఏదన్న విషయమునను పండితులకు ఏకాభిప్రాయము లేదు. కావున ఆయన మావాడను గర్వమునకు శాసనబలము చాలదు. ఆయన పద్ధతి మాదని చెప్పుకొనవలెనన్నచో దానికి తెలుగు రచనలే సాక్ష్యము పలుకవలెను. అవి ఏమి పలుకుచున్నవి?

మొదటి సాక్షి దమయంతి. ప్రమాణలక్షణములనే ఖండించిన ఖండనఖండఖాద్యకర్త శ్రీహర్షుడే నైషధకర్త. దానిని శ్రీనాథుడు శృంగారనైషధముగా తెలుగుచేసెను. స్వయంవరమున నలుని రూపు దాల్చిన నలుగురు దేవతలతో కూడి అయిదుగురు నలులు నిలిచిరి. కన్ను తేల్చలేకపోయెను. వర్ణించుచున్నది సాక్షాత్తు సరస్వతియైనను, ఆ శ్లేషవాక్యములు ఇరువురికిని సరిపోవుటచే చెవియు తేల్చలేకపోయెను. ప్రత్యక్షము, శబ్దము రెండును విఫలమైన ఇట్టి సన్నివేశమును కల్పించుట సంశయము లోతు తెలిసిన కవికే సాధ్యము. దమయంతి సంశయమును కప్పిపుచ్చి ఎవరో ఒకరి మెడలో మాల వేయలేదు. తన సంకల్పమే సత్యముగా దేవతలను ప్రార్థించి, గుర్తులు చూచి నిర్ణయించెను. భారతకథలో ఆ గుర్తులు మఱింత హృద్యములు: దేవతలకు చెమటయు ధూళియు లేవు, పాదములు నేలను తాకవు, నలునకు అవి యన్నియు కలవు. మానవసత్యమును పట్టి యిచ్చినవి మానవుని లోపములే. వేమన పరీక్షయు ఈ కోవలోనిదే. చూపునకు ఒకటిగా తోచు వస్తువులను రుచి చూచి వేఱుచేయుమనుటలో ఆయన ఇరుగుపొరుగు అనుభవమునే ఒఱగల్లుగా చేసెను.

రెండవ సాక్ష్యము కన్యాశుల్కము. 1897లో వెలువడి, 1909లో పెంపొందిన ఈ నాటకమున యుక్తికి కొదువ లేదు. గిరీశము ప్రతి పనికిని ఒక హేతువు చూపగలడు. శిశువివాహములు లేనిదే బాలవితంతువులు లేరనియు, వారు లేనిదే వితంతూద్వాహమను సంస్కారమునకు తావులేదనియు ఆతడు చేయు వాదము హాస్యముగా వినబడినను, శాస్త్రదృష్టితో చూచినచో ఛలమునకు చక్కని ఉదాహరణము. ఆతనికి లేనిది తర్కము కాదు, సంశయము. తన్ను గూర్చి ఒక్కనాడును సందేహింపని బుద్ధి ఎంత చుఱుకైనను పనిముట్టుగానే మిగిలిపోవును. దీనికి ఎదురుగా గురజాడ సౌజన్యారావును నిలిపెను. ఆయన సజ్జనుడు, నియమవంతుడు. కాని వేశ్యాజనమును గూర్చి ఆయన నియమము నిండుపాత్రవలె కదలక యున్నది. దానిలో సూది వేసినది మధురవాణి. పతితయని సమాజము త్రోసిన స్త్రీ సంస్కర్తను ప్రశ్నించి, గెలుపు చేతికందిన క్షణమున తానే వెనుకకు తగ్గెను. ఆ ఘట్టమున జరిగినది జల్పము కాదు, వాదము. గురజాడ తాను మెచ్చిన సంస్కరణపక్షమునే పరీక్షకు నిలిపెను. నాటకమునకు కలిగిన దీర్ఘాయువునకు ఇది ఒక ముఖ్యకారణము.

మూడవ సాక్ష్యము విషాదకరము. సూతపురాణము, శంబుకవధ వ్రాసిన త్రిపురనేని రామస్వామి (1887-1943) పురాణప్రామాణ్యమును ప్రశ్నించినవారిలో అగ్రగణ్యుడు. ఆయన కుమారుడు గోపీచంద్ అసమర్థుని జీవయాత్రను, ప్రశ్నించుట నేర్పిన తండ్రికే అంకితము చేసెను. కాని ఆ నవలలో ప్రశ్నించుటయే వ్యసనమైన సీతారామారావు నశించును. ఆతడు బంధువును ప్రశ్నించును, భార్యయైన ఇందిరను ప్రశ్నించును, లోకమును ప్రశ్నించును; ఏ సమాధానమును నిలువనీయడు. రామయ్యతాత చెప్పు మంచిమాట ఆతనిలో వేరూనదు. ఇది సంపూర్ణమైన వితండ. కొందఱు విమర్శకులు దీనిని హేతువాదముపై తీర్పుగా చదువుదురు. ఆ పఠనము నిలువదు. సీతారామారావు అన్నింటిని సంశయించినను, వంశప్రతిష్ఠయు తన గొప్పతనమునను భ్రమను మాత్రము సంశయింపలేదు. ఆతనిని చంపినది సంశయము కాదు, సంశయము ముట్టక విడిచిన ఆ ఒక్క మూల. రాయ్ మానవవాదమునుండి అరవిందుని దర్శనము వఱకు సాగిన గోపీచంద్ తన తండ్రి ప్రశ్నను తిరస్కరింపలేదు. ఆ ప్రశ్నను ప్రశ్నించువానివైపే త్రిప్పెను. పుత్రుడు తీర్చిన ఋణము అది.

ఈ మూడు సాక్ష్యములను చేర్చి చూచినచో ఒక సంగతి తేటపడును. ఆధునిక తెలుగు సాహిత్యమున ప్రతి ఉద్యమమును ఒక సంశయముతోనే పుట్టినది. 1943లో అభ్యుదయ రచయితలు, 1965లో దిగంబరకవులు, 1970లో విప్లవ రచయితలు, పిదప స్త్రీవాద దళితవాద రచయితలు తమకు ముందటి నిశ్చయమును గ్రుచ్చి ప్రశ్నించినవారే. ఆ ప్రశ్నలు లేనిచో తెలుగు సాహిత్యము ఎంతయో దరిద్రమై యుండెడిది. కాని సంశయముతో పుట్టిన పక్షము సిద్ధాంతమైన పిదప తన గడపలోనికి సంశయమును రానీయకపోవుటయు కలదు. అప్పుడు కథలో ప్రతిపక్షి గడ్డిబొమ్మ యగును. విమర్శ పేరు చూచి తీర్పు చెప్పును.

ఈ వాదమునకు ప్రబలమైన ఆక్షేపణ ఒకటి కలదు. అణగద్రొక్కబడినవాడు తన్ను త్రొక్కినవాని పక్షమును కూడ న్యాయముగా వినిపింపవలెననుట క్రూరము కాదా? అన్నివైపులను సంశయించుచు కూర్చున్నవాడు ఏ పనికి పూనుకొనును? సంశయము తీఱికగలవాని విలాసము కాదా? ఈ ప్రశ్నలు తేలికగా త్రోసివేయదగినవి కావు. బాధను చెప్పువానిని మొదట రెండవ పక్షము చెప్పుమనుట అన్యాయమే. బాధ సాక్ష్యము, దానికి పూర్వపక్షము అక్కఱలేదు. కాని సాక్ష్యమునుండి సిద్ధాంతమునకు పోవు రచనకు అది అక్కఱ. నాగార్జునుడు 20 కారికలు ప్రతిపక్షమునకు ఇచ్చినది లొంగుటకు కాదు. గురజాడ లుబ్ధావధాన్లకును అగ్నిహోత్రావధాన్లకును ప్రాణము పోసినందువలననే ఆ దురాచారముపై దెబ్బ గట్టిగా తగిలెను.

సంశయమునకు ఎల్ల లేదన్న భయమునకు ఉదయనాచార్యుడు ఏనాడో బదులు చెప్పెను: శంక తన ఆచరణతోనే విరోధించు చోట ఆగవలెను. పొగకొఱకు నిప్పు రాజేయువాడు, నిప్పువలన పొగ వచ్చునా యని సందేహింపజాలడు. సుపేలా ఇండ్లనుండి కర్మాగారమునకు పోవు శ్రామికునకు ఈ న్యాయము పుస్తకము లేకయే తెలియును. కొలిమిలోని ద్రవలోహము సిద్ధమైనదని రంగు చూచి చెప్పగల అనుభవజ్ఞులు కలరు. అయినను గరిటెడు లోహమును తీసి, బొగ్గుపాలు ఎంత, గంధకము ఎంత, భాస్వరము ఎంత యని పరీక్షించిన పిదపనే దానిని వెలికి వదలుదురు. ఆ పరీక్ష అనుభవజ్ఞునకు అవమానము కాదు. పరీక్ష పేరుతో ఉక్కును కొలిమిలోనే ఉంచుటయు లేదు. సంశయము వదలుటకు ముందు, వదలుట మాత్రము తప్పదు. పరీక్ష తప్పినచో పగులునది మాట కాదు, పట్టా.

రచయిత మాటయు భారము మోయవలసినదే. తన నమ్మకమును వెలికి వదలుటకు ముందు అందుండి గరిటెడు తీసి, తనతో ఏకీభవింపనివాని చేతికి ఈయగల ధైర్యము ఆతనికి కావలెను. దమయంతికి ఉన్నది, మధురవాణికి ఉన్నది, గిరీశమునకు లేనిది, సీతారామారావు తనవైపు త్రిప్పుకొనలేనిది అదియే. నిండుపాత్రలు తెలుగు సాహిత్యమున పెక్కు కలవు. సూది పడినపుడు సంతసింపగల వారి సంఖ్యను బట్టియే దాని సత్యాన్వేషణ కొలువబడును.