అతుకు సత్తువను తేల్చే పని

వెల్డింగ్ చేసిన అతుకు పైకి ఎంత నునుపుగా కనిపించినా, దాని సత్తువను తేల్చేది తన్యతా పరీక్ష, అంటే అతుకు మధ్యలో ఉండేలా కోసిన లోహపు ముక్కను రెండు కొసలా బిగించి తెగేదాకా లాగే పరీక్ష. 1880లో ఫిలడెల్ఫియాలో టినియస్ ఓల్సెన్ పేటెంటు పొందిన యంత్రం నుంచి నేటి హైడ్రాలిక్ యంత్రాల దాకా సాధనాలు మారినా, ముక్క అంచుల గీతలు పోగొట్టి, కొలతలు సరిచూసి, వంకర లేకుండా బిగించే పరీక్షకుల నేర్పు అవసరం తగ్గలేదు. ముక్క మోసిన గరిష్ఠ భారాన్ని దాని తొలి అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే తన్యతా బలం వస్తుంది. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం నియమావళి ప్రకారం, ముక్క అతుకు దగ్గర కాక మూలలోహంలో, అంటే అతికిన అసలు లోహంలో తెగితే, దాని బలం నిర్దేశిత కనీస బలం కంటే 5 శాతానికి మించి తగ్గనంతవరకు అది ఆమోదయోగ్యమే. 1943 జనవరిలో పోర్ట్‌లాండ్ రేవులో వెల్డింగ్‌తో కట్టిన షెనెక్టడీ అనే కొత్త నౌక నిలిచిన చోటే దాదాపు రెండుగా చీలడంతో, లాగుడు బలంతోపాటు చలిలో లోహపు పెళుసుదనాన్నీ పరీక్షించవలసిన అగత్యం స్పష్టమైంది. వంతెనలనూ బాయిలర్లనూ నమ్ముకున్న ప్రజల ప్రాణాలకు పూచీపడే ఈ పరీక్షకుల వృత్తి నిండు గౌరవానికి అర్హమైనది.