రెజిమెంట్ పతాకం మీద సూదిపని

బ్రిటన్ పదాతి రెజిమెంట్ల పతాకాలు చూస్తే నాకు సేనాపతుల కంటే ముందు వాటిని కుట్టినవాళ్లే గుర్తొస్తారు. ఒకప్పుడు కల్నల్ తన వంశచిహ్నాన్నే దళం జెండాకు ఎక్కించుకునేవాడు. 1751 నాటి రాజాజ్ఞ దాన్ని నిషేధించింది. దళం సంఖ్య, దాని చుట్టూ గులాబీలు, తిసిల్ పూల దండ నిలిచాయి. 1801లో ఐర్లాండ్ కలిశాక ఆ దండలో మూడాకుల షామ్రాక్ కూడా చేరింది. రాజ్యం మారిన సంగతిని పట్టుమీద ఒక చిన్న ఆకు చెప్పింది!

దళం పోరాడిన యుద్ధాల పేర్లు పెరుగుతూ వచ్చాయి. బట్ట మాత్రం చిన్నదైంది: 6 అడుగుల 6 అంగుళాల పొడవు 1868 నాటికి 3 అడుగుల 9 అంగుళాలకు దిగింది. పేర్లెక్కువ, చోటు తక్కువ. సూది పట్టినవాళ్ల గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. బంగారు జరీని బట్టలోంచి లాగరు. పైన పరిచి, సన్నని పట్టుదారంతో దగ్గర దగ్గరగా బిగిస్తారు. ఆ బరువుకు పట్టు ముడతపడకూడదు. గాలికెగిరినా అక్షరం వంగకూడదు. రెండు వైపులా చదవగలగాలి. ఇంత ఓపికైన పని నేనెరిగినంతలో అరుదు.

1881లో లైంగ్స్ నెక్ పోరు తర్వాత పతాకాలను యుద్ధంలోకి తీసుకెళ్లడం మానేశారు. కుట్టుపని మాత్రం ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఒక్కో రెజిమెంట్ రాజపతాకం మీద పది పేర్ల దాకా కొత్తగా కుట్టాల్సి వచ్చింది.