మసక వెలుగు, పోయిన వోల్టు

హెడ్‌లైట్లు మసకబారిన బండి షెడ్డుకొస్తే ముందు బల్బులు మారుస్తారు, తర్వాత బ్యాటరీ, అప్పటికీ కుదరకపోతే డైనమో. వాటిలో ఏదో ఒకటి తగిలి వెలుగొస్తే పని అయినట్టే లెక్క. ఒక్క నట్టయినా విప్పకముందే జబ్బు ఏ వైరులో ఉందో చెప్పగలిగే పనితనం వేరు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు వైరింగ్ మేస్త్రీ దగ్గర ఆ పనితనాన్ని తీరిగ్గా చూశాను.

వచ్చింది మామిడికాయల లోడు తోలే పాత డీజిల్ పికప్. "లైట్లేస్తే రోడ్డు కనపడట్లేదు మేస్త్రీ గారూ. బ్యాటరీ కొత్తదే, అయినా పొద్దున్నే సెల్ఫ్ మూలుగుతోంది" అన్నాడు డ్రైవరు. ఆయన బానెట్ ఎత్తలేదు. "రేజ్ చేస్తే వెలుగు పెరుగుతోందా బాబూ?" అని అడిగారు. కొంచెం పెరుగుతుంది గానీ చాలదన్నాడు డ్రైవరు. ఎంత విలువైన ప్రశ్న అది! రేజ్‌తో వెలుగు బాగా పుంజుకుంటే ఐడిల్‌లో ఛార్జింగ్ చాలట్లేదని అర్థం. రేజ్ చేసినా అంతంతమాత్రంగానే ఉంటే, కరెంటు వచ్చే దారిలోనూ ఎక్కడో నష్టముందని అనుమానించాలి.

బెల్టును బొటనవేలితో నొక్కి చూశారు, బిగువు బాగానే ఉంది. తాళం తిప్పితే డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. దాన్ని చూశాకే ఇంజను స్టార్ట్ చేయమన్నారు. చాలా పాత బండ్లలో ఆ చిన్న బల్బు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ను, అంటే షెడ్లలో డైనమో అనేదాన్ని, మేల్కొలుపుతుంది. ఆ బల్బు మాడిపోతే మంచి ఆల్టర్నేటర్ కూడా ఐడిల్‌లో మొద్దుగా తిరుగుతూ ఉండిపోవచ్చు.

తర్వాత మీటరు తీశారు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.1 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీకి ఛార్జింగ్ సరిగ్గా ఎక్కాలంటే 14కి అటూ ఇటూ ఉండాలి. ఇక్కడే చాలామంది "డైనమో పోయింది" అని తేల్చేస్తారు. ఆయన మీటరు మొనను తీసుకెళ్లి ఆల్టర్నేటర్ వెనకున్న లావు వైరు బోల్టు మీద పెట్టారు. అక్కడ 14.1. తయారవుతున్న చోట కొరత లేదు, చేరాల్సిన చోటికి చేరట్లేదు. మధ్యలో ఒక వోల్టు పోతోంది.

ఆ వోల్టును వెతికిన తీరు నాకు అన్నిటికంటే నచ్చింది. లైట్లు వేయించి, మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ బోల్టు మీద, రెండో కొసను బ్యాటరీ ప్లస్ మీద పెట్టారు. 0.9 వచ్చింది. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు చూస్తే 0.1. అంటే ఎర్త్ బాగుంది, దోషమంతా ప్లస్ వైరులోనే. ఇంజను ఆపి చూస్తే ఈ నష్టం కనిపించదు. కరెంటు పారుతున్నప్పుడే అది బయటపడుతుంది. విప్పిన వైరుకు మీటరు పెట్టి "కంటిన్యుటీ ఉంది" అని వదిలేసేవాళ్లకు ఈ జబ్బు ఎప్పటికీ దొరకదు.

ఈలోగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు డైనమోను పరీక్షిద్దామని బ్యాటరీ టెర్మినల్ ఊడదీయబోయాడు. "ఒరేయ్, రన్నింగ్‌లో పీకొద్దురా! డయోడ్లు పోతాయి" అని చెయ్యి పట్టి ఆపారు. బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ వోల్టేజి ఎగిసిపడుతుంది. ఇప్పటి బండ్లలోనైతే దానికి కంప్యూటర్ కూడా బలి కావచ్చు. ఈ పాత అలవాటు షెడ్లలో ఇంకా ఉండటం బాధాకరం. డయోడ్ల సంగతి తెలియాలంటే మీటరును ఏసీకి తిప్పి బ్యాటరీ మీద పెడితే చాలు. అర వోల్టు దాటితే అనుమానించాలి. ఈ బండికి దాదాపు సున్నా.

ఆ ప్లస్ వైరు మీదున్న టేపు విప్పితే దోషం దొరికింది. ఎప్పుడో ఎవరో ఆ లావు వైరును తెంపి, పోగులు మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేశారు. రాగికి చిలుము పట్టింది, పైనున్న ప్లాస్టిక్ మాడి గట్టిపడింది. 20 ఆంపియర్లు పారేటప్పుడు 0.9 వోల్టు పోతే ఆ ఒక్క జాయింటులో 18 వాట్ల వేడి పుడుతుంది. ఇంజను గదిలో అలాంటి జాయింటు ఉండటం ప్రమాదం కూడా. ఆయన మెరిసే రాగి కనిపించేదాకా వైరు కోసి, చెడిన ముక్క స్థానంలో అదే మందం వైరు వేసి, సరైన సైజు లగ్గులు ప్రెస్ చేసి, స్లీవు ఎక్కించారు. సోల్డర్ పెట్టలేదు. సోల్డర్ పీల్చుకున్న పోగులు గట్టిపడి, ఇంజను అదురుకు ఆ అంచు దగ్గర తెగుతాయట. బ్యాటరీ మీద మీటరు 13.9కి ఎక్కింది.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆయన బల్బు హోల్డరు దగ్గర మళ్లీ కొలిస్తే 12.1 మాత్రమే ఉంది. లైట్ల కరెంటంతా స్టీరింగ్ కింది స్విచ్చు దాకా సన్నటి వైరులో వెళ్లి తిరిగి రావడంతో దాదాపు రెండు వోల్టులు దారిలోనే కరిగిపోతున్నాయి. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. డ్రైవరు 100 వాట్ల బల్బులు వేయమని అడిగాడు, ఆయన ఒప్పుకోలేదు. కరెంటు పెరిగితే అదే వైరులో నష్టం ఇంకా పెరుగుతుంది, స్విచ్చు కాలుతుంది, ఎదురొచ్చేవాడి కళ్లు బైర్లు కమ్ముతాయి.

అందుకని డిమ్ముకొకటి, బ్రైటుకొకటి రిలేలు పెట్టారు. ఇక స్విచ్చు రిలేను కదిలిస్తే చాలు, బల్బులకు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా వస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టారు. రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు వాషరు వేశారు. బానెట్ మూస్తే ఇవేవీ కంటికి కనిపించవు. అయినా ప్రతి క్లిప్పునూ చేత్తో లాగి చూసుకున్నారు. హోల్డరు దగ్గర ఈసారి 13.5 వచ్చింది. అవే బల్బులు, దాదాపు ఒకటిన్నర రెట్లు వెలుగు.

డ్రైవరు తాళం అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. ఇన్నాళ్లూ అరకొర ఛార్జింగుతో దిగిపోయిన బ్యాటరీని నింపే బరువంతా ఆల్టర్నేటర్ మీద వేస్తే అది వేడెక్కిపోతుందని, ఆ రాత్రికి బ్యాటరీని షెడ్డులోనే ఛార్జరుకు తగిలించి, పొద్దున్నే వచ్చి బండి తీసుకెళ్లమన్నారు.