నహపానుడి ముఖం మీద శాతకర్ణి ముద్ర

1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అన్నీ పశ్చిమ క్షత్రపుల్లో క్షహరాత వంశానికి చెందిన రాజు నహపానుడివే. అయితే వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు బుగ్గ మీదుగా చైత్యం గుర్తు, వెనుకవైపు కొసల్లో వలయాలున్న శిలువలాంటి ఉజ్జయిని గుర్తు. కొన్నిటిలో పాత ముక్కు, పాత గ్రీకు అక్షరాలు కొత్త ముద్ర కింది నుంచి ఇంకా తొంగి చూస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. ఒకే బిళ్లలో ఇద్దరు రాజుల కాలం కనిపిస్తుంది.

క్షహరాత వంశాన్ని తుడిచిపెట్టినవాడని శాతకర్ణిని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ గుహ శాసనంలో కీర్తించింది. కానీ శాసనం చదవాలంటే కొండెక్కాలి. నాణెం అలా కాదు, సంతలో చేతులు మారుతూ ఆ కబురును తానే మోసుకెళ్తుంది.

శాతవాహనులు ఎక్కువగా వాడినవి సీసం, పోటిన్ (రాగి మిశ్రలోహం) నాణేలు. వాటి మీద ఏనుగు, సింహం, ఓడ లాంటి బొమ్మలుంటాయి గానీ రాజు ముఖం దాదాపు కనిపించదు. ముఖం ఎక్కువగా వెండి నాణేల మీదే కనిపిస్తుంది. కారణం పడమటి తీరమేనని నా నమ్మకం. అక్కడి వర్తకులు క్షత్రపుల నాణెం మీద ముఖం చూసి డబ్బు తీసుకోవడానికి అలవాటుపడ్డారు. రోమన్ చక్రవర్తుల ముఖాలూ ఓడల్లో దిగాయి. తీరానికి దూరంగా ఉన్న నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కూడా 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. అందుకే వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి తమ వెండి మీద సొంత ముఖాలు వేయించారు. ముందువైపు పేరు ప్రాకృతంలో ఉంటుంది. వెనుకవైపున్నది ఒక ద్రావిడ భాష. అది తమిళమా, తెలుగుకు దగ్గరి దేశిభాషా అన్న వాదం పండితుల మధ్య నేటికీ తెగలేదు.

ఈ ముఖాలకు అచ్చు చెక్కేవాడి పని ఎంత కష్టమో చూడండి. నాణెం చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, బరువు దాదాపు 2 గ్రాములు. అంత చోటులో ముఖాన్ని, చుట్టూ అక్షరాలను లోహపు అచ్చులో లోతుగా, తిరగేసి చెక్కాలి. వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టాలి. బిళ్ల కాస్త జరిగితే రాజు పేరులో సగం అంచు బయటే పోతుంది. ఇన్ని ఇబ్బందుల్లోనూ పుళుమావి ముఖానికి, యజ్ఞశ్రీ ముఖానికి తేడా తెలిసేలా చెక్కారంటే ఆ చేతులకు మొక్కాలి.

రెండు గ్రాముల వెండికి కంసాలి ఇచ్చేదెంత? ఈ నాణెం విలువ లోహంలో లేదు, ఆ గీతల్లో ఉంది. చింతపండుతో తోమితే ముందు పోయేవి ఆ గీతలే, కాబట్టి తోమకండి. పొలంలో నాణేల కుండ దొరికితే పంచుకోకండి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. జోగల్‌తంబి నాణేలు విడివిడిగా అమ్ముడై కరిగిపోయి ఉంటే, ఎన్నిటి మీద శాతకర్ణి ముద్ర పడిందో లెక్కపెట్టే వీలే ఉండేది కాదు.