‘బ్లాకౌట్’ నవల: దీపాలు ఆరని విపత్తు

మార్క్ ఎల్స్‌బెర్గ్ జర్మన్ నవల ‘బ్లాకౌట్’ (2012)లో కథ చలికాలంలో మొదలవుతుంది. ఇటలీ, స్వీడన్‌లలో ఇళ్ల స్మార్ట్ మీటర్లలోకి చొరబడినవారు విద్యుత్తు ఆపుతారు. యూరప్ చీకటిలో మునుగుతుంది. కుళాయిలో నీళ్లు రావు, బంకులో పెట్రోలు దొరకదు, ఆసుపత్రి జనరేటర్లలో డీజిలు అడుగంటుతుంది. ఒక వ్యవస్థ కూలితే దాని వెంట ఏవేవి కూలతాయో ఇంత ఓపికగా చూపిన జనరంజక నవలలు అరుదు.

అయితే సైబర్ విపత్తు చీకటి రూపంలోనే వస్తుందా? నవల వెలువడిన తొమ్మిదేళ్లకు మాగ్డెబర్గ్ రాజధానిగా ఉన్న సాక్సనీ-అన్‌హాల్ట్ రాష్ట్రం వేరే జవాబు చెప్పింది. 2021 జులై 6న అన్‌హాల్ట్-బిట్టర్‌ఫెల్డ్ జిల్లా కార్యాలయాల కంప్యూటర్లు రాన్సమ్‌వేర్ పాలయ్యాయి. అడిగిన సొమ్ము ఇవ్వడానికి జిల్లా నిరాకరించింది. జులై 9న విపత్తు పరిస్థితి ప్రకటించింది. సైబర్ దాడి కారణంగా జర్మనీలో అటువంటి ప్రకటన అదే మొదటిది. సైన్యం సాయానికి వచ్చింది. ఆ పరిస్థితి 2022 జనవరి ఆఖరు వరకు, 207 రోజులు కొనసాగింది.

అప్పుడు విద్యుత్తు పోలేదు. ఆగినవి సాంఘిక సహాయపు చెల్లింపులు, వాహనాల రిజిస్ట్రేషన్లు. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలపై రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడూ దెబ్బ తగిలింది వెబ్‌సైట్లకే, సరఫరాకు కాదు. ఇటువంటి నష్టం కథకు లొంగదు. నవలలో పియెరో మన్‌జానో అనే పూర్వపు హ్యాకర్ జాడ పట్టుకుంటాడు, దోషులు బయటపడతారు. జిల్లా కార్యాలయం కిటికీ ముందు నిలబడినవారికి అటువంటి నాయకుడూ లేడు, అటువంటి ముగింపూ లేదు.

నవలలో అసలైన భయం మరొక చోట ఉంది: విద్యుత్ కేంద్రాల తెరలు అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి. మానిటర్ మీద నాడి సవ్యంగా కనిపిస్తుంటే రోగి మంచం దగ్గరకు ఎవరూ పరుగెత్తరు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ చేసిందీ ఇదే. యంత్రాలు పాడవుతుండగా పాత, సవ్యమైన కొలతలనే చూపించింది. మాగ్డెబర్గ్‌లోని ఓటో ఫాన్ గెరికె విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ దిశలోనే పనిచేస్తున్నారు. పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల మామూలు సందేశాలలో రహస్య సమాచారం ఎలా దాగగలదో, దాన్ని ఎలా పసిగట్టాలో పరిశీలిస్తున్నారు.

ఎల్స్‌బెర్గ్ ఈ భయాన్ని పట్టుకున్నాడు గాని, దాన్ని త్వరగా వదిలి వేటలోకి వెళ్లిపోయాడు. చీకటి పడితే అందరికీ తెలుస్తుంది. దీపాలు వెలుగుతుండగానే నమ్మకం ఎలా చెడుతుందో చెప్పడం కష్టం. ఆ కష్టానికి ‘బ్లాకౌట్’ పూనుకోలేదు.