గింజ మాటివ్వదు

సెప్టెంబర్ వచ్చిందంటే నా సాయంత్రాలు ఒక చాకుతో, వంటింటి త్రాసుతో, అట్ట ఊడిన నోటుబుక్కుతో గడిచిపోతాయి. మేముండేది దక్షిణ ఇండియానాలో. ఇక్కడ అడవి అంచుల్లో, పొలం గట్ల మీద పర్సిమన్ చెట్లు ఎవరూ నాటకుండానే లేస్తాయి. సూపర్ మార్కెట్లో టమాటాలా నిగనిగలాడే జపాన్ పండు కాదిది, అమెరికా గడ్డ మీద పుట్టిన చిన్న పండు. జపాన్ రకాలు చాలావరకు ఇక్కడి చలికి చచ్చిపోతాయి. ఇది మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది.

మొదటిసారి ఫొటో పంపినప్పుడు ఆదిలాబాద్ నుంచి మా అమ్మ, ‘గిది మన తునికి పండే గద బిడ్డా!’ అంది. ఆమె మాటలో పెద్ద తప్పు లేదు. బీడీ ఆకునిచ్చే మన తునికి, ఈ పర్సిమన్ ఒకే ప్రజాతివి, డయోస్పైరస్. ముచ్చిక దగ్గర అదే టోపీ, పచ్చిగా కొరికితే నాలుక మొద్దుబారే అదే వగరు. పండకముందు తింటే మూతి వంకరపోతుందని 17వ శతాబ్దం మొదట్లోనే వర్జీనియాకు వచ్చిన కెప్టెన్ జాన్ స్మిత్ రాసిపెట్టాడు. ఆ వగరు టానిన్లది. కాయ మెత్తబడేకొద్దీ అవి ఉమ్మిలో కరగకుండా ముద్దకడతాయి, అప్పుడు తీపి పైకి తేలుతుంది. మంచు పడితేగానీ పండదని ఇక్కడి పెద్దలంటారు. మంచు ఊసే లేని సెప్టెంబర్‌లో పండి రాలే చెట్లను నేనే చూశాను.

అసలు ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు. మా ఇంటి చుట్టుపక్కల మూడు చెట్లకు నంబర్లు వేసుకున్నాను. ఒకటో చెట్టు పండు రేగుపండంత, లోపల ఎనిమిది గింజలు, చప్పరించడానికి గుజ్జు మిగలదు. రెండోది చిన్న నిమ్మకాయంత, మూడే గింజలు, ఖర్జూరాన్ని తలపించే తీపి. మూడోది డిసెంబర్‌లో ఆకులన్నీ రాలాక కూడా పండ్లను కొమ్మల మీదే వేలాడదీస్తుంది. గింజలూ అంతే. ఒకదానివి చింతగింజను నొక్కి పలచన చేసినట్టుంటే, ఇంకోదానివి బొద్దుగా ఉంటాయి.

ఆ గింజను అంచు మీద నిలబెట్టి నిలువునా చీల్చడం ఇక్కడ ఒక సరదా. లోపల తెల్లటి బీజం చెంచాలా కనిపిస్తే పారతో ఎత్తిపోసేంత మంచు, ఫోర్కులా ఉంటే తేలికపాటి చలి, కత్తిలా ఉంటే కోసేసే గాలి అని జోస్యం. నేను చీల్చినవాటిలో దాదాపు అన్నీ చెంచాలే. మంచు మాత్రం తన ఇష్టం వచ్చినట్టు పడింది.

రెండో చెట్టు మీద ఆశతో ఒక ఏడు దాని గింజల్ని తడి ఇసుకలో కలిపి మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాను. చలి తగలందే అవి మొలకెత్తవు. పన్నెండు మొక్కలు నిలిచాయి. ఆరేళ్లకు పూత వచ్చింది. ఏడింటికి రెండేసి మూడేసి చిన్న పూల గుత్తులు, అంటే మగచెట్లు. ఒంటిపూలు పూసిన ఆడచెట్లు అయిదే. అయిదింట్లో నాలుగు గింజల సంచులు. తల్లిని పోలింది ఒక్కటీ లేదు.

నా అత్యాశే. ఆడ, మగ వేరువేరు చెట్లయినప్పుడు తేనెటీగ ఎక్కడి పుప్పొడి తెచ్చిందో మనకేం తెలుసు? మామిడి టెంక పాతితే తల్లి పండే వస్తుందని ఎవరం నమ్ముతాం? అందుకే కదా అంటు కడతాం. కానీ అంటు కట్టడానికి కావాల్సిన మొదటి మంచి చెట్టు ఏదో ఒక గింజలోంచే రావాలి. ఇలినాయిలోని ఆల్టన్ దగ్గర దొరికిన ‘ఎర్లీ గోల్డెన్’ అలా వచ్చిందే. దాని గింజల నుంచి ‘గారెట్‌సన్’, ‘కిలెన్’ పుట్టాయి. అదే రాష్ట్రంలో జేమ్స్ క్లేపూల్ అనే ఆయన వందలకొద్దీ మొలక చెట్లు పెంచి, ఒక్కోదాని గుణాలూ రాసుకుంటూ పోయాడు. ఆయన ఓపికలో పదో వంతు నాకుంటే చాలు.

ఏడు మగచెట్లలో ఒకదాన్ని పుప్పొడి కోసం ఉంచి, మిగతావి నరికి రెండో చెట్టు పుల్లలతో అంటు కట్టాను. ఇక మిగిలింది ఆ అయిదో ఆడచెట్టు. పండు చిన్నదే. కానీ ఒకటో రెండో గింజలు, పైగా తల్లికంటే మూడు వారాల ముందే పండి రాలుతుంది. దీనికేం పేరు పెట్టాలని అమ్మనడిగాను.

‘మా చిన్నప్పుడు వాగొడ్డు చెట్టు పండ్లే తియ్యగుంటుండె. మిగిలిన చెట్ల దిక్కు ఎవరూ పోకపోతుండె,’ అంది.

మా పెరట్లో వాగు లేదు. అయినా నోటుబుక్కులో నంబరు కొట్టేసి ‘వాగొడ్డు చెట్టు’ అని రాసుకున్నాను.