తారతమ్యబోధనమున మతశబ్దము

పట్టపరీక్షకుఁ జదువు విద్యార్థులకు నానాదేశీయమతతత్త్వములను బోధించుటలో మొదటి చిక్కు పదముననే కలదు. మన్ ధాతువునకు క్తప్రత్యయము చేరఁగా నేర్పడిన మతశబ్దమునకుఁ దలఁపఁబడినది, అభిప్రాయము అని యర్థము. పాణిని ఆస్తిక, నాస్తిక, దైష్టిక శబ్దములను మూఁటిని మతి యను నర్థమున నొక్క సూత్రముననే సాధించెను. కావున మతమనఁగానే విద్యార్థి, వారేమి నమ్ముదురని యడుగునే కాని, యేమి చేయుదురని యడుగఁడు.

1936 లో ఆక్సుఫర్డునఁ బ్రాచ్యమతముల కాచార్యులైన సర్వేపల్లి రాధాకృష్ణగారు, అంతకుముం దచ్చటనే 1926 లో నుపన్యసించి 1927 లోఁ బ్రకటించిన 'ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్' అను గ్రంథమున నుపాసకులను సోపానక్రమమున నిలిపిరి. నిర్గుణోపాసకులు పైమెట్టున, సగుణేశ్వరోపాసకులు దాని క్రింద, క్షుద్రశక్తులఁ గొలుచువా రడుగున నుందురు. ఎవ్వరిని వెలివేయని యీ యౌదార్యము ప్రశంసనీయమే. కాని పాఠ్యక్రమమున కిది చాలదు. పూర్వపక్షి నోరు విప్పకమునుపే సిద్ధాంతము పీఠమెక్కినది. పదునాలుగవ శతాబ్దినాఁటి సర్వదర్శనసంగ్రహకర్త యైనను జార్వాకునిచేత మొదట వాని యుక్తులను వాని కనుకూలముగనే పలికించెను.

మురమళ్ళ దీనికి నికషము. కోనసీమలో, వృద్ధగౌతమీతీరమందలి యా గ్రామమున భద్రకాళీసమేత వీరేశ్వరస్వామికిఁ బ్రతిదినమును గల్యాణము జరుగును. వియోగమే యెఱుఁగని దంపతులకు దినదినము వివాహమేల? ఆలయాచారమునఁ దప్పక జరుగవలసినదగుటచే నది నిత్యకర్మ; వివాహాభిలాషచేఁ జేయించు గృహస్థునకుఁ గామ్యము. ఒక్క క్రియకే రెండు స్వరూపములు. కామ్యమని క్రిందిమెట్టున నుంచిన నిత్యత్వము జాఱిపోవును. నిత్యమని పైమెట్టున నుంచినఁ గోరికతో వచ్చినవాఁడు మఱుగుపడును.

రోమను కాథలిక్కుల పూజయు నిట్టి ప్రశ్ననే పుట్టించును. క్రీస్తుబలి సిలువపై నొక్కమాఱే జరిగినదనియు, నదియే ప్రతిపూజయందును రక్తపాతరహితముగా సమర్పింపఁబడుననియు 1562 లో ట్రెంటుసభ నిర్ణయించెను. ప్రొటెస్టాంటులు కాదనిరి. సిద్ధమైనదానిని మరల సాధించుటెట్లు? ప్రశ్న సమానము, సమాధానములు భిన్నములు. అచ్చట మూలము కాలమున నొకమాఱు జరిగిన చరిత్ర. ఇచ్చట నట్టి తిథి యపేక్షితము కాదు.

ఇట్టి ప్రశ్నతోఁ బాఠ మారంభించి, యెవరి సమాధానమును వారి పరిభాషలోనే వినిపించి, తారతమ్యవిచారమును దుదకుంచుట యుక్తము. పాఠశాలలో నొక్క బల్లపై నానామతస్థుల పిల్లలు కూర్చుందురు. వారిలో నడుగుమెట్టువాఁ డెవఁడో గురువు ముందుగనే చెప్పివేసినచో, ఆ పిల్లవాఁడు పాఠమును వినవచ్చును గాని, వాదమునకు మాత్రము లేవఁడు. వాదము లేనిచోటఁ దత్త్వవిచారము లేదు.